జరీ అంచు దయ్యం

మొహం చూపించనని శపథం చేసినవాడు మొహం కప్పుకుని వెళ్తే మాట తప్పినట్టా, నిలుపుకున్నట్టా?

భవానీపురంలో ఆ అపార్ట్‌మెంటు మెట్ల కింద నిలబడి బసవపున్నయ్య తనను తాను మరోసారి ప్రశ్నించుకున్నాడు. ముప్పై ఏళ్ళు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పిన మనిషి. ఏటా ఇదే ప్రశ్న, ఏటా ఒకటే జవాబు: తప్పినట్టు కాదు.

చొక్కా జేబులో షుగర్ మాత్రలు ఉన్నాయో లేదో తడిమి చూసుకుని, సంచిలోంచి చలవ పంచె తీశాడు. కళ్ళకోసం దానికి రెండు కన్నాలు కత్తిరించి ఉన్నాయి. తలమీంచి కప్పుకున్నాడు.

ఆరేళ్ళ క్రితం కొడుకు సురేష్ చర్చికి వెళ్ళే ఇంటి పిల్ల శాలినిని పెళ్ళాడిన రోజున, "ఈ జన్మలో నీ గుమ్మంలో నా మొహం చూపించను" అన్నాడాయన. ఆ మాట పామర్రంతా విన్నది. మనవరాలు పుట్టిందన్న కబురు వచ్చాక అదే మాట గొంతులో ముల్లయింది. అక్టోబరు ఆఖరి సాయంత్రం ఇక్కడి పిల్లలు దయ్యాల వేషాలు కట్టి తలుపు తలుపూ తడతారనీ, వెంట పెద్దలూ వేషాలతో తిరుగుతారనీ ఎవరో చెప్పగా విన్నాడు. అలా పామర్రులో బస్సెక్కి రావడం ఇది మూడో ఏడు.

పిల్లల గుంపు ఆయన్ను చుట్టుముట్టింది.

"ఒరేయ్, ఈ దయ్యానికి జరీ అంచుందిరా!" అన్నాడు పుర్రె మాస్కువాడు.

"పెళ్ళికెళ్తా చచ్చిపోయుంటాడ్రా" అంది మంత్రగత్తె టోపీ పెట్టుకున్న పిల్ల. అందరూ పకపకా నవ్వారు. "అంకుల్, ఈసారి బాగా తినేయండి. వచ్చే ఏడు ఈ పండగ లేదంట. మొన్న అసోసియేషన్ మీటింగులో వద్దన్నారు."

మెట్లెక్కుతున్న ఆయన కిర్రుచెప్పులు ఒక్కసారి ఆగిపోయాయి. వచ్చే ఏడు ఏ మొహం పెట్టుకుని రావాలి?

మూడో అంతస్తులో తట్టకముందే తలుపు తెరుచుకుంది. శాలిని చేతిలో సున్నుండల పళ్ళెం.

"రండమ్మా దయ్యాలూ! తోసుకోవద్దు, అందరికీ ఉన్నాయి."

"ఆంటీ, ఎంత తియ్యగా ఉన్నాయో!"

పిల్లలకు పంచేసరికి పళ్ళెం ఖాళీ అయింది. ఆమె లోపలికి వెళ్ళి, చిన్న స్టీలు డబ్బాలోంచి ఒక ఉండ తెచ్చి పొడుగు దయ్యం చేతిలో పెట్టింది.

ఏడాదికొక్క సున్నుండ ప్రాణం తీయదనుకుంటూ ఆయన పంచె చాటున నోట్లో వేసుకున్నాడు. నిరుడూ ఇంతే, అంతకుముందూ ఇంతే. నెయ్యి ధారాళం, తీపి మచ్చుకైనా లేదు. ఈ కాలం పిల్లల నాలుకలే వేరు. పాపం, కోడలికి సున్నుండ చెయ్యడం రాదు.

గుంపు పై అంతస్తుకు పరుగెత్తింది. అయిదేళ్ళు నిండని మనవరాలు జెస్సికా మాత్రం పంచె అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"నువ్వు నిజం దయ్యానివా?"

"ఊఁ."

"నీ పేరేంటి?"

"దయ్యాలకు పేర్లుండవు తల్లీ."

"మరి మీ ఇల్లెక్కడ?"

ఆయన పంచె కన్నాల్లోంచి తెరిచి ఉన్న గుమ్మంలోకి చూశాడు.

"ఇల్లు లేదా? అయితే మా ఇంట్లో ఉండిపో. నేనేం భయపడన్లే!"

ముప్పై ఏళ్ళ తర్కం ఆ పిలుపు ముందు చేతులెత్తేసింది. మాట నిలబెట్టుకున్నాడు, సరే. ఆ మాట తనను ఎక్కడ నిలబెట్టింది? గుమ్మానికి ఇవతల, కన్నాల పంచె వెనక. ఇక చాలు అనుకున్నాడు. అనుకున్నదే తడవుగా పంచె లాగేశాడు.

"నేనమ్మా... సురేష్ వాళ్ళ నాన్నని."

శాలిని ఉలిక్కిపడలేదు. పాప చేతిలోంచి అంచు విడిపించి, పంచె మడతపెట్టి కుర్చీమీద వేసింది.

"ముందు లోపలికి రండి. ఆ కిర్రుచెప్పులు అక్కడ విడవండి."

"ఈ మూడేళ్ళూ దొంగలా వచ్చిపోయానమ్మా. నిన్ను మోసం చేశాను."

"మీ సున్నుండల్లో నేను మూడేళ్ళుగా బెల్లం వెయ్యలేదు మామయ్యగారూ."