కప్పు కింద మూడోమనిషి

భీమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తుండగా కోసన్న వాకిట్లోకి వచ్చాడు. ఒకప్పుడు తూటా తగిలిన ఆమెను వీపున మోసి అడవి దాటించిన మనిషి. యుద్ధం ముగిశాక ఇదే మొదటి రాక.

భీమె, ఆమె భర్త ఉంగయ్య, కోసన్న ఒకే దళంలో పోరాడారు. ఇప్పుడు ముగ్గురి మణికట్లకూ సర్కారు పట్టీలున్నాయి. ఒకే దళంవాళ్లు ముగ్గురు ఒక కప్పు కింద చేరితే అవి మోగుతాయి. బండి వచ్చి అందరినీ ఎక్కించుకుపోతుంది.

"లోపలికి రా అన్నా, బువ్వ తిందువు."

"ఈడనే పెట్టు చెల్లె. అడవిల చెట్టు కింద తినలేదా?"

"అప్పుడు నాకు ఇల్లు లేదు. ఇప్పుడున్నది గద!"

"బండోళ్లొస్తే వాళ్లకు గూడ వడ్డిస్తవా?" కోసన్న నవ్వాడు. భీమె నవ్వలేదు.

లోపల పొయ్యి దగ్గరున్న ఉంగయ్య లేచి వచ్చాడు. కోసన్న సంచి అందుకుని లోపలి గోడకు తగిలించాడు. చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.