పదో సంగతి

"ఒక్క వాక్యంలో పది సంగతులు చూడాలి. తక్కువైతే రేపటి నుంచి గ్రంథం ముట్టుకోకు" అన్నారు మామయ్య. అత్తారింటికి వచ్చాక నాకు దొరికిన చదువు ఇదొక్కటే. ఈసారి పుట నన్నే తెరవమన్నారు.

"అలిగిన తమ్ముణ్ణి పిలుచుకున్నాకే ప్రార్థనకు కూర్చో" అని ఉంది.

పప్పులో రాళ్లు ఏరినట్టు ఒక్కో మాటా చూశాను. పిలవాల్సింది అన్న. తప్పెవరిదో రాయలేదు. ప్రార్థన అయ్యాక వెళ్లొచ్చని అనలేదు. అలా తొమ్మిది చెప్పాను.

"అయిదో తరగతి చదువుకు అదే ఎక్కువలే. పదోది?"

వాక్యంలో ఇంకేమీ మిగల్లేదు. కాగితం వైపు చూశాను.

"చెప్తే కోప్పడతారేమో మామయ్యా."

"చూసింది చూసినట్టు చెప్పడమే చదువు. చెప్పు."

నేను తలెత్తలేదు. "మిగతా పుటలన్నీ మీ వేళ్ల మరకలతో మాసిపోయాయి. ఇదొక్కటే నిన్న అచ్చయినట్టుంది."

ఆయన గ్రంథం మూసేశారు. నా చదువు అయిపోయిందనుకున్నాను.

ఆయన లేచి చొక్కా వేసుకున్నారు.

"నువ్వూ రామ్మా. నేనొక్కణ్ణే వెళ్తే మా తమ్ముడు తలుపు తియ్యడు."