నల్ల నువ్వుల ముద్ద

"సింగపూర్‌లో ఆ హోటల్లో టేబుల్ దొరికేదే గొప్పక్కా. ప్రపంచమంతా పేరుండేది. ఆ పొద్దు వదిలితే మళ్ళా ఏడాది ఆగాల," అన్నాడు తమ్ముడు దత్తాత్రేయ.

ఆ రోజే వాళ్ళ నాన్న తద్దినం. జమ్మలమడుగులో అనఘ పురోహితుణ్ణి కూర్చోబెట్టుకుని, మడివంట చల్లారిపోయేదాకా వీడికోసం చూసింది.

"ప్రొద్దుటూరు నుంచి ఈడికి రాలేకపోతివి, సింగపూర్ దాకా మాత్రం పోతివి. అన్ని దుడ్లు పోసి ఆడ ఏం తింటివిరా?"

ఫోన్‌లో ఫోటో చూపించాడు. విస్తరంత తెల్లటి ప్లేటు. నడుమ నిమ్మకాయంత అన్నం ముద్ద, దానిమీద నల్ల నువ్వులు.

"నోట్లో పెట్టుకుంటే కండ్లల్లో నీళ్ళొచ్చినాయక్కా. ఇచ్చిన దుడ్లకు తక్కువేం లేదు."

అనఘ ఫోన్ తిరిగి వాడి చేతిలో పెట్టింది.

"నాయనకు పిండం పెట్టలేదని నేను ఏడుస్తాంటి. పెట్టనే పెట్టినావు. కాకికి గూడా మిగల్చకుండా నువ్వే మింగినావు గదరా!"