లేవని రెక్క

పెనుకొండ దగ్గరికి రాగానే కారులో ఎర్రలైటు వెలిగింది.

కారు నడుపుతున్న నిఖిత టైము చూసుకుంది. పదకొండుకల్లా బెంగళూరు రేసింగ్ స్కూల్లో ఉండాలి. అమ్మాయిల జట్టులో మిగిలింది ఒక్కటే సీటు. ఈరోజే ఆఖరి పోటీ.

బస్టాపు పక్కన కారు ఆపింది.

"వెనక డిక్కీ మీది రెక్క లేయడం లేదంట నాయనా! స్క్రీను మీద వస్తాండాది."

తండ్రి సుబ్రహ్మణ్యం దిగి చూశాడు. ఆయనకు ధర్మవరంలో పట్టుచీరల అంగడి. చీర కొనడానికి వచ్చినవాళ్లతో తప్ప ఎవరితోనూ మెత్తగా మాట్లాడే అలవాటు లేదు.

"కారు కొని వారం తిరక్కుండానే దిష్టి తగిలింది. శకునం బాగలేదు. వెనక్కి పోదాం పా."

"అయ్యో, మళ్లీ ఏడాది దాకా ఛాన్సు రాదు నాయనా!"

బస్సు కోసం నిలబడ్డ ఒకమ్మాయి వచ్చి కారు వెనక వంగింది. వెలిసిన చుడీదారు, భుజానికి గుడ్డసంచి.

"ఏయ్, ముట్టొద్దు! కొత్త కారు!"

"కారును కాదు సార్, ఈ తాడును చూస్తాండా. ఎవరు కట్టినారు?"

"మా అమ్మ. దిష్టితాడు. పూజ చేసి రెక్కకూ బంపరుకూ కలిపి గట్టిగా బిగించింది."

ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది.

"దిష్టి కాదు సార్, తాడే తగిలింది! స్పీడు పెరిగితే గాలి కారు తోకను పైకి లేపుతాది. అప్పుడీ రెక్క లేసి, అదే గాలితో తోకను రోడ్డుకు అదిమిపెడతాది. బ్రేకు గట్టిగా తొక్కితే నిలువుగా నిలబడి గాలికి అడ్డం పడతాది. అవ్వేమో దాన్ని కట్టేసినాది!"

నిఖితకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

"యాడికక్కా, ఇంత తొందరగా?" అంది ఆ అమ్మాయి.

"బెంగళూరికి. రేసింగ్ స్కూల్లో ఒకే సీటుండాది. పదకొండుకు గేటు మూసేస్తారు."

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. రోడ్డు వైపు చూసింది. బస్సు జాడ లేదు.

తర్వాత వంగి, తాడు తెంపకుండా ముడి విప్పి సుబ్రహ్మణ్యం చేతిలో పెట్టింది.

"లోపల అద్దానికి కట్టుకోండి సార్. స్విచ్ నొక్కక్కా!"

సర్రున రెక్క లేచి దిగింది!

నిఖిత సీట్లోనే ఎగిరింది. సుబ్రహ్మణ్యం ముసిముసిగా నవ్వుతూ కారెక్కేశాడు. "పా పా, టైమైపోతాది!"

"అక్కా, నన్ను కూడా..." అంటోంది ఆ అమ్మాయి.

కారు అప్పటికే కదిలింది.

వేగం వంద దాటింది. రెక్క దానంతటదే లేచింది. కారు రోడ్డును ఉడుంపట్టు పట్టింది. తండ్రీకూతుళ్లు కేకలే కేకలు!

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా గేటు దాటారు.

స్కూలు కారులోనే అందరికీ మూడేసి చుట్లు. నిఖిత అదరగొట్టింది. సీటు ఆమెదే!

సుబ్రహ్మణ్యం ఆనందం పట్టలేక కోచ్ వీణకు రెండు చేతులా దండం పెట్టాడు.

"మీ అమ్మాయికి అదృష్టమూ కలిసొచ్చిందండీ," అంది వీణ. "తొలి పోటీలో వేరే బ్యాచ్‌లో ఒకమ్మాయి అందరికన్నా వేగంగా నడిపింది. ఈ సీటు ఆమెదే అనుకున్నాం. పాపం, ఈరోజు టైముకు బస్సు దొరకలేదట."

వీణ చూపించిన జాబితాలో, 'సుధ, రామగిరి' అన్న పేరు పక్కనున్న ఫోటోలో, దిష్టితాడు విప్పిన అమ్మాయి నవ్వుతోంది.