తడిక చాలన్న మనిషి

తాళంచెవి ఇవ్వబోతే ప్రభుదాసు అందుకోలేదు. అది జారి బురదలో పడింది.

ఓవర్సీరు గురురాజకు ఒళ్ళు మండింది. ఎమ్మిగనూరు బ్లాకులో సర్కారు ఇంటి కోసం జనం కాళ్ళరిగేలా తిరుగుతున్నారు. ఈయనగారి పేరు పైవాళ్ళే రాసి పంపారు. అయినా దండమన్నా పెట్టకుండా, జల్లులో కంబళి కప్పుకుని కొయ్యలా నిలబడ్డాడు.

"ఇల్లు బాగలేదా అప్పా?"

"బాగుంది సామీ. తలుపే వద్దు. తడిక కట్టియ్యండి, సాలు."

"రాతిగోడలకు తడికా? గట్టి తలుపు, ఇనుప గొళ్ళెం. మా ఇంటికే ఇంత మంచిది లేదు."

"నా ఆడది గోనెగండ్లకు కూలికి పోతాది. మాపటికి గాని రాదు. గాలికి తలుపు పడిందంటే నా గతేంది? లేకుంటే నా గుడిసె నాకిడిసిపెట్టండి. తడికైతే తోసుకుంటా. నా సంగతి తెలిసే గదా సామీ ఇల్లిచ్చినారు."

గురురాజ ఈ ఊరికి రావడం అదే మొదలు. ఇతను రెండేళ్ళ కిందటి దాకా ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో మిషను దగ్గర కూలి అని మాత్రం విన్నాడు. ఇప్పుడు పెళ్ళాం కష్టం తింటూ ఇంటిపట్టున ఉన్నాడన్నమాట. గొళ్ళెం తీయడానికి కూడా బద్ధకమే కాబోలు.

తలారి లక్ష్మప్ప ఏదో చెప్పబోయాడు. గురురాజ చెయ్యెత్తి ఆపాడు.

"ప్లాను కర్నూలు నుంచి వచ్చింది. అందులో ఒక మేకు మార్చాలన్నా నాకు అధికారం లేదు. కొత్త ఇల్లు ఇచ్చాక పాత గుడిసె ఉండకూడదు. రూలు."

అది నిజమే. ఆ మాట అంటుంటే అతనికీ మనసు చివుక్కుమంది. కానీ చేయగలిగిందేమీ లేదు. లక్ష్మప్పకు సైగ చేశాడు.

లక్ష్మప్ప ఒక క్షణం తటపటాయించి గడ్డపార తీశాడు. ఎదురుగా ఉన్న గుడిసె కాసేపట్లో నేలమట్టమైంది. తడిక ముక్కలైంది. ప్రభుదాసు కళ్ళనీళ్ళు గడ్డం దాకా కారాయి. తుడుచుకోలేదు.

"పోనీలే అప్పా. తాళంచెవి తీసుకో," అన్నాడు గురురాజ మెత్తగా.

ప్రభుదాసు బురదలో మోకరిల్లాడు.

తల వంచి, తాళంచెవిని పళ్ళతో కరుచుకుని లేచేసరికి కంబళి జారిపోయింది. భుజాల కింద చేతులు లేవు.