ఏడు దాకా ఆగాల్సిందే

"ఇంకోసారి చూడు పాపా," అన్నాడు జాఫర్. అది పదకొండోసారి.

శ్రుతి చూసింది. ఇన్‌బాక్స్ ఖాళీ. ప్రొద్దుటూరులో ఆమె కంప్యూటర్ షాపు పెట్టి ఆరేండ్లయింది. ఆమె చేతిలో ఎవరి మెయిలూ ఆగింది లేదు. ఈ రోజు మాత్రం తల కొట్టేసినట్టుంది.

జాఫర్ పొద్దున్నే పులివెందుల నుంచి వచ్చినాడు. అక్క మొగుడు కమాల్ బాషాకు మస్కట్‌లో వడ్రంగి మేస్త్రీ ఉద్యోగం మాట్లాడిపెట్టింది అతనే. కంపెనీ లెటరు ఈ రోజు మెయిల్లో రావాల. సాయంత్రం ఐదు లోపల దానికే జవాబియ్యాల, లేకుంటే ఉద్యోగం వేరేవానికి పోతుంది. కమాల్ బాషా ఇచ్చిందేమో జమ్మలమడుగులో తన ఫర్నిచర్ షాపు మెయిల్ అడ్రసు. పన్నెండేండ్లు గల్ఫులో చేసొచ్చి, రెండేండ్ల కింద పెట్టుకున్న షాపు అది. ఆ మెయిల్‌నే శ్రుతి పొద్దున పాత కంపెనీ నుంచి కొత్తదానికి మార్చింది.

"మార్చినాక రావాల గదా, ఏంది అడ్డం?"

"మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే రికార్డు ఒకటుంటుందన్నా, ఎమ్మెక్స్ అంటారు. దాంట్లో కొత్త అడ్రసు రాసినా. కానీ మస్కట్ వాళ్ళు నిన్న సాయంత్రం ఏడుకు ఒక మెయిల్ పంపినారు. అప్పుడు చూసిన పాత అడ్రసును వాళ్ళ సర్వర్ ఒక రోజు గుర్తు పెట్టుకుంటుంది. ఈ రోజు ఏడు దాకా పాతదానికే పంపుతాంటాది."

"ఆ పాతదాంట్లోనే చూడు మల్ల."

"ఆ ఖాతా గడువు అయిపోయింది. లాగిన్ కానీదు."

"ఒక రోజెందుకు? తగ్గించేకి కాదా?"

శ్రుతి, జాఫర్ పక్కనే నిలబడిన కమాల్ బాషా దిక్కు చూసింది. ఆయన ఫ్యాను దిక్కు చూస్తాండాడు.

"ఎంతసేపు గుర్తుండాలో ఆ రికార్డులో మనమే రాస్తాం. మార్చేకి ఒక రోజు ముందే దాన్ని అయిదు నిమిషాలకు తగ్గించాల," అనింది. "తగ్గించలేదు."

కమాల్ బాషా బల్ల మీద కొట్టినాడు. "రెండక్షరాలు నేర్చుకోని షాపు పెట్టేస్తారు. నోటికాడి కూడు పడగొట్టినావు గదమ్మా."

జిరాక్సుకు వచ్చినోళ్ళంతా తిరిగి చూసినారు. శ్రుతికి ఒళ్ళు మండింది. ఈ పనిలో ఓనమాలు తెలిసినోళ్ళెవరూ చెయ్యని తప్పు, పదిమందిలో తన పేరు మీద పడింది. మౌసును టపటపా నొక్కింది.

జాఫర్ మస్కట్‌కు ఫోన్ చేసినాడు. "వేరే అడ్రసుకు పంపరంట బావా. అప్లికేషన్లో ఉన్నదానికేనంట."

ఐదు దాటింది. ఐదుంపావుకు ఫోన్ మోగింది. జాఫర్ విని, మొగం వేలాడేసినాడు.

"వేరేవాన్ని తీసుకున్నారంట. నాలుగు నెలలు తిరిగినా బావా దీనికోసం. అక్కకు ఏం చెప్పాల?"

"నీదేముంది లేప్పా. నా నసీబు."

జాఫర్ శ్రుతితో మాట కూడా చెప్పకుండా పోయి పులివెందుల బస్సెక్కినాడు. బస్సు కనపడకుండా పోయిందాక కమాల్ బాషా వాకిట్లోనే నిలబడి, లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు. శ్రుతి మొగం తిప్పుకునింది.

"నన్ను అన్ని మాటలు అనాల్నా మామా?"

కమాల్ బాషా తల వంచుకున్నాడు.

"మస్కట్‌కు పోనని వాని మొగం మీద చెప్పలేకనే గదా తల్లీ, ఆ టైము తగ్గించొద్దని నీకు చెప్పింది."