కంగారు తగ్గితే

"ఇరవయ్యొక్క లక్షలా?" అన్నాడు కృపానందం. "సరిగ్గా చూడు సురేష్."

సురేష్ కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పాడు. అంకె మారలేదు.

విజయవాడ గవర్నరుపేటలో రెండో అంతస్తులో ఉంది సురేష్ నడిపే ఆ చిన్న మ్యూచువల్ ఫండ్ల ఆఫీసు. కృపానందం, అతని భార్య దీవెన పొద్దున్నే కొండపల్లి నుంచి బస్సులో వచ్చారు. అతను థర్మల్ స్టేషన్‌లో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి పోయిన నెలే రిటైరయ్యాడు. ఈ నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చేయాలి. గొల్లపూడిలో ఫ్లాటు మాట్లాడుకున్నారు. పీఎఫ్‌లో వచ్చిందంతా అడ్వాన్సుకే పోయింది. మిగతా నలభై లక్షలూ నెలాఖరులోగా కట్టకపోతే ఫ్లాటూ రాదు, అడ్వాన్సూ రాదు.

ఆ నలభైకీ ఢోకా లేదనుకునే వచ్చాడు. పదిహేనేళ్ళుగా ఫండులో నెలకి పదివేలు. ఒక్క నెల తప్పలేదు.

"మా యూనిట్‌లో వెంకటసుబ్బారావుకి యాభై రెండొచ్చింది. ఇదే ఫండు. నాతోపాటే చేరాడు. నేనేం పాపం చేశాన్రా?"

"ఆయన కదపలేదండీ."

"మరి మనం కదిపామా?"

సురేష్ తెరను మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు.

కదపకూడదనే కృపానందం అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాడు. 2008లో మార్కెట్టు కూలితే చేతిలో ఉన్న షేర్లన్నీ తెగనమ్ముకున్నవాడు అతనే. మళ్ళీ ఆ తప్పు జరగకూడదని ఈ ఫండు దీవెన పేరు మీద మొదలుపెట్టాడు. "నాది పిరికి గుండె. ఆవిడది రాయి. నేను ఫోన్ చేసి ఏడ్చినా సరే, నువ్వు మాత్రం అమ్మకు" అని సురేష్‌తో ఆనాడే చెప్పాడు. ఆ తర్వాత ఖాతా చూడటమే మానేశాడు.

కరోనా వచ్చిన మార్చిలో టీవీ ముందు నిలబడి "పోయింది, అంతా పోయింది" అని అరిచాడు. దీవెన టీవీ కట్టేసి టీ గ్లాసు చేతికిచ్చింది. "ఏమీ పోదులెండి" అంది. అంత ధైర్యం ఆవిడకెక్కణ్ణించి వచ్చిందా అని అప్పట్లో ఆశ్చర్యపోయాడు.

"చెప్పు. ఎవరు కదిపారు?"

సురేష్ ఒక్కసారి తన చిన్నప్పటి టీచర్ దీవెన వైపు చూశాడు. ఆమె ఒళ్ళోని చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది.

"నేనేనండీ" అన్నాడు. "మార్కెట్టు పడినప్పుడల్లా భయమేసింది. తీసి సేఫ్ ఫండులో పెట్టాను. అంతా సర్దుకుని పైకెళ్ళాక మళ్ళీ ఇందులో వేశాను. మూడుసార్లు. ప్రతిసారీ అడుగున అమ్మి, పైన కొన్నట్టయింది."

"సంతకమో?"

"మొదట్లో టీచర్ చేత ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకున్నాను. అవి వాడేశాను."

కృపానందం గోడ వైపు చూశాడు. అక్కడ ఫ్రేము కట్టి ఉంది సురేష్ ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డు. లెక్కల్లో ముప్ఫై ఏడు. ఏడు అంకె నడుముకి అడ్డంగా చిన్న గీత. అది దీవెన అలవాటు. 'టీచర్ గారు ఏడుకి మొలతాడు కడతారు' అని బడిలో పిల్లలు నవ్వుకునేవాళ్ళు. పాల లెక్క రాసినా, పచారీ చీటీ రాసినా ఆ మొలతాడు ఉండాల్సిందే. కార్డు అడుగున ఆమె ఎర్రసిరాతో రాసింది: 'కంగారు తగ్గితే మార్కులు పెరుగుతాయి.'

"ఆ కార్డు చూసే నమ్మాన్రా నిన్ను" అన్నాడు. "నీ టెన్త్ ఫీజు ఎవరు కట్టారు?"

"టీచరేనండీ."

"చూశావా దీవెనా, నీ శిష్యుడు! ఇల్లు లేకుండా చేశాడు మనకి."

"వాణ్ణి ఏమీ అనకండి" అంది దీవెన.

"ఇంకా వెనకేసుకొస్తున్నావా? ఇందుకే నెత్తికెక్కారు నీ పిల్లలు." అతను లేచాడు. "పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇస్తా. ఏవీ ఆ ఫారాలు?"

"కంప్లైంట్ ఇవ్వండి సార్. ఎక్కడైనా సరే, ఒప్పుకుంటాను." సురేష్ బల్ల మీది ఫైలు మీద చెయ్యి వేశాడు. "ఇది మాత్రం వద్దండీ."

"ఎందుకొద్దూ? దీంట్లోనేగా ఉంది నీ బతుకంతా!"

లాక్కున్నాడు. సురేష్ చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది. వాళ్ళు గుమ్మం దాటుతుంటే లేచి నిలబడ్డాడు, క్లాసులోంచి టీచర్ వెళ్తుంటే నిలబడ్డట్టు.

మెట్లు దిగుతూ దీవెన అంది, "ఇంటికెళ్ళాక చూద్దురు గానీ. రేపు వెళ్దాం స్టేషన్‌కి."

"రేపటికి వాడు ఊళ్ళో ఉంటాడా?"

ఆమె చేతిసంచి సర్దుకుని ముందుకు నడిచింది. బస్సులో కిటికీ వైపు కూర్చుంది. పదిహేనేళ్ళు ఇంట్లో మనిషిలా తిరిగినవాడు ఇంత పని చేశాడంటే ఆవిడకి ఎలా ఉంటుందో కృపానందానికి తెలుసు. ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

గొల్లపూడి దగ్గర బస్సు ఆగింది. రోడ్డు మీదికే కనిపిస్తుంది వాళ్ళ మూడో అంతస్తు. కిటికీలకి కొత్తగా రంగు వేస్తున్నారు. దీవెన కోరి వేయించుకుంటున్న ఆకుపచ్చ. ఆమె అటు చూడలేదు.

అతనూ చూడలేకపోయాడు. కళ్ళజోడు తుడుచుకుని, ఒళ్ళో ఉన్న ఫైలు తెరిచాడు.

మూడు ఫారాలు. మూడింటి మీదా దీవెన సంతకం.

ప్రతి సంతకం పక్కనా, అదే కలంతో, అదే చేత్తో వేసిన తేదీ ఉంది: 17-3-2020, 17-6-2022, 7-4-2025, ఒక్క ఏడు కూడా మొలతాడు లేకుండా లేదు.